టెక్ సందేహాలు: కొత్త కాయిల్ వేసినా స్పార్క్ రావట్లేదు!

ప్రశ్న: నా దగ్గర పాత పెట్రోల్ కారు ఉంది. పాయింట్లు, డిస్ట్రిబ్యూటర్ ఉన్న కాలం నాటిది. చాలా నెలలు షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు బ్యాటరీ చార్జ్ చేసి సెల్ఫ్ కొడితే ఇంజిన్ బాగానే తిరుగుతోంది కానీ స్టార్ట్ అవ్వడం లేదు. ఒక ప్లగ్గు విప్పి చూస్తే స్పార్క్ లేదు. కాయిల్ పోయిందంటే కొత్తది వేయించాను. అయినా అంతే. ఇక ఏం మార్చాలి?

జవాబు: ప్రస్తుతానికి ఏమీ మార్చకండి. స్పార్క్ రాకపోతే అందరి చూపూ ముందు కాయిల్ మీదే పడుతుంది, ఎందుకంటే రెండు నట్లు విప్పితే ఊడి వస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేని ఆ డబ్బా మాత్రం అంత తేలిగ్గా పాడవదు. నెలల తరబడి నిలబడిపోయిన బండిలో నేనైతే ముందు పాయింట్లనే, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్చు లాంటి భాగాన్నే, అనుమానిస్తాను.

బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల కరెంటు కాయిల్‌లోని మొదటి చుట్ట గుండా వెళ్లి, పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు ఎర్త్ అవుతుంది, అంటే ఇంజిన్ ఇనుములోకి చేరుతుంది. పాయింట్లు తెరుచుకోగానే ఆ కరెంటు టక్కున తెగిపోతుంది. అప్పుడు రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి, ఒక్కో ప్లగ్గుకూ వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ మీదుగా ప్లగ్గుకు చేరతాయి. అంటే లోపం 12 వోల్టుల వైపు ఉందా, వేల వోల్టుల వైపు ఉందా అన్నది తేలితే సగం పని అయిపోయినట్టే.

ఇందుకు మామూలు బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్ చాలు. ఎల్ఈడీది వద్దు, అది కొద్దిపాటి కరెంటుకే వెలిగి మోసం చేస్తుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి. ల్యాంప్ క్లిప్పును ఇంజిన్ ఇనుముకు తగిలించండి. ఇగ్నిషన్ ఆన్ చేసి ముందు కాయిల్ ప్లస్ టెర్మినల్‌ను తాకించండి. కొన్ని కాయిళ్ల మీద ప్లస్, మైనస్ బదులు 15, 1 అనో, ఎస్‌డబ్ల్యూ, సీబీ అనో ఉంటుంది. ప్లస్ దగ్గర ల్యాంప్ వెలగకపోతే ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు, వైరింగ్ చూసుకోవాలి. పాయింట్ల జోలికి వెళ్లక్కర్లేదు.

వెలిగితే ఇప్పుడు మైనస్ టెర్మినల్‌కు పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ల్యాంప్ ఆరుతూ వెలుగుతూ ఉంటే పాయింట్లు పనిచేస్తున్నట్టే. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకున్నా కరెంటు ఎర్త్ కావడం లేదని అర్థం. అసలు వెలగకపోతే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరు ఊడదీసి, మళ్లీ మైనస్ దగ్గరే చూడండి. అప్పుడు వెలిగితే ఆ వైరో, పాయింట్లో, కండెన్సరో (పాయింట్ల మధ్య నిప్పురవ్వలు తగ్గించే చిన్న డబ్బా) ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది. అప్పటికీ వెలగకపోతేనే కాయిల్ మొదటి చుట్ట తెగినట్టు.

మీ బండిలో ల్యాంప్ ఆరకుండా వెలుగుతుందనే అనుకుంటున్నాను. వాడకుండా ఉంచిన పాయింట్ల మీద కంటికి కనిపించనంత పలుచని పొర పేరుకుంటుంది. చూస్తే శుభ్రంగానే ఉంటాయి, కరెంటు మాత్రం వెళ్లదు. ఇగ్నిషన్ ఆపి, సన్నటి ఎమరీ పేపర్‌తో రెండు ముఖాలనూ తేలిగ్గా రుద్దండి. తర్వాత శుభ్రమైన తెల్లకాగితం ముక్కను వాటి మధ్య పెట్టి లాగండి. కాగితం మీద నల్లటి గీత పడుతున్నంతసేపూ మళ్లీ మళ్లీ లాగుతూనే ఉండాలి. చాలామంది ఈ పనే చేయరు. పాయింట్ల మధ్య గ్యాప్ సరిచేసేటప్పుడు ఫీలర్ గేజ్‌కు (సందు కొలిచే పలుచని రేకుకు) ఉన్న నూనె పాయింట్లకు అంటినా స్పార్క్ పోతుంది, కాబట్టి గేజ్ తుడిచి వాడండి. చాలా కార్లలో గ్యాప్ 0.4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం.

ల్యాంప్ ఆరుతూ వెలుగుతూ ఉన్నా ప్లగ్గుల్లో స్పార్క్ లేకపోతే, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నడిమధ్య ఉన్న లావుపాటి వైరు పీకండి. దాని కొసను స్పార్క్ టెస్టర్‌కు (స్పార్క్ వస్తోందో లేదో చూపే సాధనానికి) పెట్టి సెల్ఫ్ కొట్టించండి. టపటపమంటూ నీలం రంగు స్పార్క్ వస్తే కాయిల్ బాగున్నట్టే, దోషం క్యాప్‌లోనో దాని లోపల తిరిగే రోటర్‌లోనో ఉంది. క్యాప్ లోపల తేమ, పగుళ్లు, సన్నటి నల్లని గీతలు ఉన్నాయేమో చూడండి. స్పార్క్ పసుపు రంగులో నీరసంగా వస్తే కండెన్సర్ మార్చి చూడండి. ఆ వైరును చేత్తో పట్టుకోవద్దు. పెట్రోల్ వాసన వస్తుంటే ఈ పరీక్ష అసలు చేయొద్దు. పని మధ్యలో ఆగినప్పుడు ఇగ్నిషన్ ఆపేయండి. పాయింట్లు మూసుకుని ఉంటే మీ కొత్త కాయిల్ ఊరికే కాలిపోతుంది.

ప్రశ్న: పాత బైక్. చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. కొంతదూరం వెళ్లాక ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలే. ఇది స్పార్క్ సమస్యేనా?

జవాబు: కావచ్చు, కాకపోవచ్చు. ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం మూసుకుపోయినా అచ్చం ఇలాగే ఆగుతుంది. అందుకే ఒక మంచి ప్లగ్గు, ప్లగ్ స్పానర్ వెంట ఉంచుకోండి. బండి ఆగిన చోటే, వేడి మీదే, ఆ ప్లగ్గును ప్లగ్ వైరు కొసన ఉండే క్యాప్‌కు తగిలించి ఇంజిన్ ఇనుముకు ఆనించి కిక్ కొట్టి చూడండి. స్పార్క్ ఉంటే ట్యాంకు మూత తెరిచి మళ్లీ ప్రయత్నించండి. లేకపోతే వేడికి తేడా చేసే కాయిల్, పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సంకేతమిచ్చేది), సీడీఐ (పాయింట్ల బదులు పనిచేసే ఎలక్ట్రానిక్ పెట్టె), పాయింట్లున్న బండి అయితే కండెన్సర్, వీటిలో ఒకటి పోయినట్టు. ఇంటికొచ్చి చల్లారాక వాటిని పరీక్షిస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

ప్రశ్న: మల్టీమీటర్‌లో కాయిల్ రీడింగ్ సరిగ్గానే ఉంది. ఇక కాయిల్‌ను అనుమానించక్కర్లేదు కదా?

జవాబు: అలా అనుకోవద్దు. మీటర్ కొద్ది వోల్టులతోనే కొలుస్తుంది. వేల వోల్టుల దగ్గర తెగే ఇన్సులేషన్ దానికి కనబడదు. రీడింగ్ తప్పుగా ఉంటే కాయిల్ పోయిందని చెప్పొచ్చు. సరిగ్గా ఉంటే మాత్రం స్పార్క్ టెస్టర్ పెట్టి చూడాల్సిందే.