పీరియడ్ లెక్క ఒకటి, స్కాన్ లెక్క ఒకటి: ఏది పట్టుకోవాలి?

గర్భానికి పీరియడ్ లెక్కలో తొమ్మిది వారాలు, స్కాన్‌లో ఏడే వచ్చాయి, ఏది నమ్మాలి అని అడిగారు. స్కానే నమ్మండి. ఇంత తేడా ఉన్నప్పుడు మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ ముందు పీరియడ్ లెక్క నిలవదు.

నాకూ అచ్చం ఇలాగే అయింది. నా పీరియడ్స్ ఆరు వారాలకోసారి వస్తాయి. ఫోన్‌లోని యాప్‌కి ఆ సంగతి ఏం పట్టింది? చివరి పీరియడ్ మొదలైన రోజుకి 280 రోజులు కలిపేసి డెలివరీ తేదీ చేతిలో పెట్టింది. ఆ లెక్క 28 రోజులకోసారి వచ్చేవాళ్లది. వాళ్లకి 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలవుతుంది. నాకు నాలుగో వారం వస్తే గానీ కాదు.

స్కాన్ గదిలో డాక్టరమ్మ స్క్రీన్ మీద బిడ్డ తల దగ్గర ఒక ప్లస్ గుర్తు, పిరుదుల దగ్గర ఇంకొకటి పెట్టి మధ్య పొడవు చూశారు. ఒక్క సెంటీమీటరు. "ఏడు వారాలమ్మా" అన్నారు. తొమ్మిదైతే రెండు సెంటీమీటర్లు దాటాలట. బిడ్డ ఎదగడం లేదేమోనని నాకు ముచ్చెమటలు పోశాయి. ఆవిడ తాపీగా "పీరియడ్స్ ఎన్నాళ్లకోసారి వస్తాయి?" అని అడిగి, పాత తేదీ కొట్టేసి కొత్తది రాశారు. మిణుకుమిణుకుమంటున్న గుండెని చూపించాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

బయటికొస్తే మా అత్తయ్య వేళ్లు మడిచి లెక్కేస్తున్నారు. "ఏడు వారాల కిందట మావాడు ఊళ్లోనే లేడు కదమ్మా!" ఆ ఏడులో మొదటి రెండు వారాలు అసలు గర్భమే ఉండదని, కడుపులో పడి ఐదు వారాలేనని నచ్చజెప్పేసరికి ఇల్లొచ్చేసింది. ఈ లెక్క పెట్టినవాళ్లెవరో గానీ, కాపురాలు కూల్చేలా పెట్టారు.

మీకు పీరియడ్స్ నెలనెలా పక్కాగా వస్తూ కూడా ఇంత తేడా ఉంటే మాత్రం డాక్టరుకి ఆ మాట చెప్పండి. వారం పది రోజులాగి మళ్లీ స్కాన్ చేస్తే ఎదుగుదల తెలుస్తుంది.

ఇంకొకటి. ఎనిమిదో నెల స్కాన్ రిపోర్టులో మళ్లీ వేరే తేదీ కనిపిస్తుంది. అప్పటికి ఒక్కో బిడ్డ ఒక్కో సైజులో ఉంటుంది కాబట్టి రెండు మూడు వారాలు అటూ ఇటూ చూపిస్తుంది. దాన్ని చూసి బంధువులు మీ డెలివరీ తేదీ మార్చేస్తారు, మీరు మార్చకండి. మొదటి స్కాన్ రిపోర్టు ఫైల్లో పైనే పెట్టుకుని, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అదే చూపించండి.