‘ఓ సూపర్‌మ్యాన్’ (O Superman) అనే పాట ఇప్పటికీ ఎందుకంత కదిలిస్తుంది?
అమెరికన్ కళాకారిణి లారీ ఆండర్సన్ 1981లో పాడిన ఈ పాటలో డ్రమ్స్ లేవు, పైగా ఎనిమిది నిమిషాలకు పైనే ఉంటుంది, అయినా బ్రిటన్ చార్టుల్లో 2వ స్థానం దాకా వెళ్లింది. హ హ హ అని ఒకే శబ్దం లూప్‌లో తిరుగుతూనే ఉంటుంది, అది నవ్వో ఆయాసమో తేలదు, ఆమె గొంతేమో వోకోడర్ అనే గొంతు మార్చే పరికరంలోంచి మెషిన్‌లా వస్తుంది గానీ వినిపించేది మాత్రం ఫోన్ ఎత్తకపోతే మాటలు రికార్డ్ చేసే ఆన్సరింగ్ మెషిన్‌లో ఇంటికొస్తున్నావా అని అడిగే అమ్మ. నాకైతే అక్కడే గుండె పట్టేస్తుంది. 1980లో ఇరాన్‌లో బందీలను విడిపించబోయి అమెరికా ఆపరేషన్ ఎడారిలో ఫెయిలవడమే దీని వెనకున్న కథ, అందుకే చివరికొచ్చేసరికి అమ్మ చేతులు కాస్తా సైన్యం చేతులైపోతాయి. 2001 సెప్టెంబర్‌లో ట్విన్ టవర్స్ కూలిన కొద్దిరోజులకే న్యూయార్క్‌లో ఆమె దీన్ని లైవ్‌లో పాడారు, ఆ రికార్డింగ్‌లో విమానాలొస్తున్నాయనే లైను వింటే అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే రాసిందంటే నమ్మబుద్ధి కాదు.