ప్రతి విభాగం వేగం పెరిగినా ఆర్డర్లు ఎందుకు ఆలస్యమవుతాయి?

కొత్త యంత్రాలు కొని, అన్ని విభాగాల పనినీ ఒకేచోట నమోదు చేసే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా సరుకు సమయానికి బయటికి వెళ్లడం లేదని, లోపం ఎక్కడుందని మీరు అడిగారు. జీడిమెట్లలో ఒక మాత్రల తయారీ సంస్థ నాణ్యతా విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను. ఏ విభాగానికా విభాగం వేగం పెంచుకుంటే మొత్తం పని వేగవంతమవుతుందన్న నమ్మకమే, నేను చూసిన అపోహలన్నిటిలో ఎక్కువ నష్టం చేసేది.

మా సంస్థలో మరింత వేగంగా పనిచేసే బ్లిస్టర్ ప్యాకింగ్ యంత్రాన్ని, అంటే మాత్రలను పట్టీల్లో అమర్చే యంత్రాన్ని తెచ్చారు. ప్యాకింగ్ నిజంగానే వేగవంతమైంది. అయితే బ్యాచ్ రికార్డును (ఒక విడత తయారీలోని ప్రతి దశనూ నమోదు చేసే పత్రాన్ని) పూర్తిగా పరిశీలించి నాణ్యతా విభాగం విడుదల చేసేదాకా, నిబంధనల ప్రకారం, సరుకు క్వారంటైన్‌లోనే, అంటే విడిగా ఆపి ఉంచే గదిలోనే ఉండాలి. ఆ పరిశీలన చేసేవారి సంఖ్య పెరగలేదు కనుక క్వారంటైన్ గది నిండిపోయిందే తప్ప, సరుకు ఒక్క రోజు కూడా ముందుగా బయటికి వెళ్లలేదు.

1961లో అమెరికన్ ఆచార్యుడు జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం దీన్ని స్పష్టం చేస్తుంది: మధ్యలో ఉన్న, అంటే మొదలై ఇంకా పూర్తికాని పనుల సంఖ్యను రోజుకు పూర్తయ్యే సంఖ్యతో భాగిస్తే, ఒక్కో పనికి పట్టే సగటు సమయం వస్తుంది. మధ్యలో 40 బ్యాచ్‌లుండి రోజుకు 4 విడుదలవుతుంటే 10 రోజులు. విడుదల పెరగకుండా మధ్యలోని సంఖ్య 60కి చేరితే 15 రోజులు. అందుకే విడుదలను మించి కొత్త బ్యాచ్‌లు మొదలుపెట్టవద్దని మేము కోరాము. యంత్రం ఖాళీగా ఉంటే నష్టమన్న అభ్యంతరం వెంటనే వచ్చింది. టయోటా ఉత్పత్తి విధానాన్ని రూపొందించిన తైచి ఓనో మాత్రం అవసరానికి మించిన ఉత్పత్తినే అన్ని వృథాల్లోకీ పెద్దదిగా భావించారు. ఆ మాట ఎంత నిజమో నేను ఆ గదిలో కళ్లారా చూశాను.

కార్మికులు మార్పును అడ్డుకుంటారన్నది మరో అన్యాయమైన అపోహ. రికార్డులు ఖాళీలతో తిరిగి రావడానికి, రీడింగ్ రాయవలసిన గడి పని జరిగే వరుసలో కాక రెండు పేజీల తర్వాత ఉండడమే కారణమని చూపించింది ఒక ప్యాకింగ్ ఆపరేటరే. ఫారం మార్చి, షిఫ్టు ముగిసేలోపు అక్కడికక్కడే రికార్డు సరిచూడడం మొదలుపెట్టాక విడుదలలు వేగం పుంజుకున్నాయి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, పని ఎక్కడ ఆగిందో అది చూపగలదు గాని ఆగడానికి గల కారణాన్ని తనంతట తాను తొలగించలేదు. కాబట్టి మీరు ముందుగా ఒక ఆర్డరు వెంట మొదటినుంచి చివరిదాకా నడిచి, అది ఎవరి బల్లమీద ఎన్ని గంటలు ఆగిందో రాసుకోండి. కొత్త కొనుగోళ్లను అప్పటిదాకా ఆపండి.