నలభై గుంటల డేటాకి కాఫ్కా ఎందుకు?

ప్రశ్న: ఒంగోలులో నలుగురం కలిసి రొయ్యల గుంటలకి సెన్సర్ సిస్టమ్ తయారుచేస్తున్నాం. నలభై గుంటలు, నిమిషానికో రీడింగ్. సమాచారాన్ని ఎన్నో ప్రోగ్రాములకి చేరవేసే కాఫ్కా, ప్రోగ్రాములని చాలా యంత్రాల మీద నడిపే కుబర్నెటీస్, టైము వారీ రీడింగ్‌ల కోసమే ప్రత్యేకంగా ఉండే టైమ్ సిరీస్ డేటాబేస్ తీసుకోవాలా, ఒక్క పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సరిపోతుందా? ఎలా తేల్చుకోవాలి?

జవాబు: పోస్ట్‌గ్రెస్ చాలు. లెక్క మీ ప్రశ్నలోనే ఉంది. నలభై గుంటలు, నిమిషానికొకటి అంటే రోజుకి 57,600 రీడింగ్‌లు, టేబుల్‌లో అన్నే వరసలు, సెకనుకి ఒకటి కూడా పడదు. ఏడాదికి 2.1 కోట్లు. ఒక మామూలు సర్వర్ మీద పోస్ట్‌గ్రెస్‌కి ఇదో లెక్కే కాదు. టేబుల్‌ని నెలకో ముక్కగా పార్టిషన్ చేసుకుంటే పాత డేటా తీసేయడం కూడా తేలికే. కాఫ్కా లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయింది. కోట్లమంది వాడే సైట్‌లో జరిగే ప్రతి చిన్న సంగతినీ పది సిస్టమ్‌లకి అందించాల్సి వచ్చి కట్టుకున్నారు. కుబర్నెటీస్‌ని గూగుల్ 2014లో బయటపెట్టింది, లెక్కలేనన్ని యంత్రాల మీద పనులు పంచిన అనుభవంతో. వాళ్ల కష్టాలు మీకు లేవు.

అయితే నేను రాయాలనుకున్నది వేరే. "ఇది ఎంత లోడ్ మోస్తుంది" అని అందరూ అడుగుతున్నారు. "ఇది ఆగిపోయినప్పుడు ఏమవుతుంది, అప్పుడు పక్కన ఎవరుంటారు" అని అడిగేవాళ్లు నాకు ఎప్పుడోగానీ తగల్లేదు. రొయ్యల దగ్గర మొదట అడగాల్సింది ఈ రెండో ప్రశ్నే.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో మాకు తెలిసిన రైతు ఒకాయన ఒక కంపెనీ దగ్గర ఇలాంటి సిస్టమ్ పెట్టించుకున్నారు. గుంటలో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, కొలిచే ప్రోబ్, అక్కడినుంచి ముంబైలో ఉన్న క్లౌడ్‌కి, అక్కడ కాఫ్కా, దాని వెనక కుబర్నెటీస్‌లో నడిచే అలర్ట్ ప్రోగ్రామ్, అక్కడినుంచి ఎస్సెమ్మెస్. కాగితం మీద ముచ్చటగా ఉంది. కార్తీక మాసంలో ఒక రాత్రి గాలీవానా పట్టుకుంది. పగలంతా మబ్బే. ఎండ లేకపోతే నీళ్లలోని ప్లాంక్టన్ అనే సన్నటి నాచు ఇచ్చే ఆక్సిజన్ తక్కువ, రాత్రయితే అదే ఆక్సిజన్ తీసుకుంటుంది, అందుకే తెల్లారుజామున డీవో బాగా పడిపోతుంది. సరిగ్గా అలాంటి రాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి. ఇంకాసేపటికి సెల్ టవర్ బ్యాటరీ కూడా అయిపోయింది, నెట్ లేదు. ముంబైలో సిస్టమ్ అంతా భేషుగ్గా నడుస్తూనే ఉంది, రీడింగ్ కోసం ఎదురుచూస్తూ. రీడింగ్ రాకపోవడమే ప్రమాదమన్న రూలు ఎవరూ రాయలేదు. రాసినా ఆ మెసేజ్ అందుకోవాల్సిన ఫోన్‌కి సిగ్నల్ లేదు. కాపలా మనిషి టార్చిలైటు వేసుకుని గట్టు మీద తిరుగుతుంటే అంచు వెంబడి రొయ్యలు పైకి తేలి కనిపించాయి. అప్పుడు పరుగెత్తి జనరేటర్ వేశారు. అప్పటికే కొంత సరుకు పోయింది.

"ఏంది అబ్బయా ఇది, ఇంత డబ్బు పోసి పెట్టిస్తే, రొయ్య గట్టుకొచ్చి తేలిందాకా నాకు తెలీలేదే!" అన్నారాయన నాతో. కంపెనీవాళ్లని అడిగితే ఆ రాత్రి తమ సర్వర్లు ఒక్క నిమిషం కూడా ఆగలేదని చెప్పారు. అది నిజమే, అందుకే నాకు మరింత కోపం వచ్చింది. గుంటకీ, మనిషి పడుకునే షెడ్డుకీ మధ్య దూరం ఓ కేక వేస్తే వినపడేంత. ఆ కేకని ముంబై దాకా తిప్పి తెచ్చే ఏర్పాటు చేశారు.

తర్వాత మేం అక్కడ పెట్టింది చాలా చిన్నది. షెడ్డులో రాస్‌ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, దాంట్లో సెన్సర్ మెసేజ్‌లు అందుకుని పంచే మస్కిటో అనే ఎంక్యూటీటీ బ్రోకర్, సర్వర్ అక్కర్లేకుండా ఒక ఫైల్లోనే ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్, ఒక పైథాన్ స్క్రిప్ట్, కారు బ్యాటరీ మీద నడిచే సైరన్. డీవో లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే సైరన్, అయిదు నిమిషాలు రీడింగ్ రాకపోయినా సైరన్. నెట్ ఉన్నప్పుడు డేటా నెల్లూరులో మా పోస్ట్‌గ్రెస్‌కి చేరుతుంది, లేకపోతే పెట్టెలోనే ఆగి ఉంటుంది. ఎంక్యూటీటీ 1999లో చమురు పైప్‌లైన్ల సమాచారం శాటిలైట్ లింకుల మీద పంపడానికి పుట్టింది, అంతంతమాత్రం నెట్‌వర్క్ అలవాటున్న ప్రోటోకాల్. ఎస్‌క్యూలైట్‌ది ఇంకా బాగుంటుంది. రిచర్డ్ హిప్ 2000లో దాన్ని మొదలుపెట్టింది అమెరికా యుద్ధనౌకలో నడిచే ప్రోగ్రామ్ చేస్తున్నప్పుడు, డేటాబేస్ సర్వర్ పడిపోయినా ప్రోగ్రామ్ ఆగకూడదని. మన గుంట గట్టుకి కావలసిందీ అదే.

దీనికీ ఖర్చులున్నాయి. ఎస్‌డీ కార్డులు ఊరికే చెడిపోతాయి, అందుకే రీడింగ్‌లని ఒక్కొక్కటిగా కాకుండా గుత్తగా రాయాలి, ఎస్‌క్యూలైట్‌లో వాల్ మోడ్ (మార్పుల్ని ముందు ఒక లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) పెట్టాలి. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపడతాయి. కొత్త వెర్షన్ ఎక్కించాలంటే ప్రతి పెట్టెనీ పలకరించాలి, క్లౌడ్‌లో అయితే ఒకచోట మారిస్తే అయిపోయేది. ప్రోబ్ మీద పాచి పడితే రీడింగే తప్పు, దాన్ని రోజూ తుడవాలి, అది ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు. ఇవన్నీ మోయడానికి మేం ఒప్పుకున్నాం. ఎందుకంటే ఇవన్నీ పగటిపూట, స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి చూసుకోగలిగిన తిప్పలు.

ఇంకో సంగతి. టూల్ ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి. చాలామంది వాడే సర్వర్ టూల్స్‌లో ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, టెర్రాఫామ్ 2023లో, రెడిస్ 2024లో తమ లైసెన్సులు మార్చి షరతులు బిగించాయి. అది నచ్చనివాళ్లు పాత కోడ్ తీసుకుని విడిగా నడుపుకుంటే ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ పుట్టాయి. నలుగురున్న టీమ్‌కి ఒక టూల్‌లోంచి ఇంకోదానికి మారడమంటే ఒక సీజన్ పోయినట్టే. పోస్ట్‌గ్రెస్ ఒక కంపెనీ సొత్తు కాదు, ఎస్‌క్యూలైట్ పబ్లిక్ డొమైన్.

మీ నలుగురిలో ఎవరో ఒకరు కుబర్నెటీస్ కావాలని పట్టుబడుతూ ఉంటారని నా అనుమానం. తప్పు ఆ పిల్లవాడిది కాదు. హైదరాబాద్, బెంగళూరు ఇంటర్వ్యూల్లో అడిగేది అదే, రెజ్యూమెలో ఆ మాట లేకపోతే ఫోనే రాదు. మన ఊళ్లలో ఉండి పనిచేద్దామనుకునే పిల్లల్ని అవసరం లేని బరువు వైపు తోస్తున్నది ఆ ఇంటర్వ్యూలే. నేర్చుకోవాలంటే తన లాప్‌టాప్‌లో నడుపుకోమనండి. రైతు డబ్బుతో నేర్చుకోవడం మాత్రం నేను ఒప్పుకోను.

మీరు అడగలేదుగానీ డేటాబేస్ కంటే ముందు చూసుకోవాల్సింది ఎస్సెమ్మెస్. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం పంపేవాళ్ల పేరూ, మెసేజ్ టెంప్లేటూ టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే రిజిస్టర్‌లో ముందే నమోదు చేయించాలి, ఒక్క మాట మారినా మెసేజ్ పోదు. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు, తెలుగులో 70 మాత్రమే, గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. "క్ష" ఒక్కటే మూడు. ఇంగ్లీషులో పంపితే కాపలా మనిషి చదవలేడు. కాబట్టి గుంట నంబరు, డీవో, టైము ఈ మూడింటికి ఖాళీలు వదిలి 70లో పట్టేలా తెలుగులోనే రాసి, ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టేయండి.