సమాధానం: టెక్సాస్‌లో నడుముకు పిస్టల్ ఉంటే పోలీసు ఆపొచ్చా?

లైసెన్స్ లేదు, పిస్టల్ హోల్‌స్టర్‌లోనే (నడుముకు కట్టే ఒరలోనే) ఉంది, పార్కులో నడుస్తుంటే పోలీసు ఆపి ఐడీ అడిగారు, ఇవ్వాలా అన్నారు కదా.

ముందు మీ వీసా చూసుకోండి. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ (కేంద్ర చట్టం కింద) నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. గ్రీన్‌కార్డ్ వస్తే ఈ నిషేధం వర్తించదు.

ఇక ఆపడం సంగతి. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ మోయొచ్చు. పోలీసు వచ్చి మాట కలపొచ్చు, దానికి కారణం అక్కర్లేదు. వెళ్లకుండా ఆపాలంటే మాత్రం అమెరికా సుప్రీంకోర్టు 1968లో ఇచ్చిన టెర్రీ తీర్పు ప్రకారం నేరం జరిగిందనో, జరగబోతోందనో అనుమానించడానికి చెప్పగలిగిన ఆధారం ఉండాలి. పేరు చెప్పని ఎవరో ఫోన్ చేసి 'ఫలానా అతని దగ్గర గన్ ఉంది' అంటే సరిపోదని 2000లో అదే కోర్టు తేల్చింది.

అందుకే మొదట "నేను వెళ్లొచ్చా?" అని అడగండి. కాదంటే ఆగిపోండి. నడిచి వెళ్తున్నవాళ్లు అరెస్టుకు ముందు పేరు చెప్పకపోవడం వేరు, తప్పుడు పేరు చెప్పడం వేరు, రెండోది నేరం. లైసెన్స్ ఉన్నవాళ్లయితే ఐడీ అడిగినప్పుడు ఆ లైసెన్స్ కూడా చూపాలి.

రక్షణ కోసం అవసరమనిపిస్తే పోలీసు మీ పిస్టల్ తీసుకోవచ్చు. తీసేది ఆయనే, మీరు కాదు. "ఇదిగో, ఇస్తున్నా" అంటూ చేయి నడుము మీదికి పోనివ్వకండి. వాదన కోర్టులో పెట్టుకోవచ్చు, రోడ్డు మీద వద్దు.