బియ్యం ఎగుమతి కేసులు నమ్ముకుని లాయర్‌గా నిలబడొచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. చిన్న రైస్ మిల్లు ఉంది. మా అమ్మాయి అయిదేళ్ల లా కోర్సులో నాలుగో ఏడాది చదువుతోంది. ఎగుమతి లైసెన్సుల కేసులు వాదిస్తానంటోంది. బియ్యం ఎగుమతి మీద నిషేధమే ఎత్తేశారు కదా, ఇక కేసులెక్కడివని నా టెన్షన్. జడ్జి పరీక్షకు చదవమంటే వినడం లేదు.

జవాబు: నిషేధం పోయినంత మాత్రాన కేసులు పోవండీ. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని 2023 జూలై 20న ఆపారు, 2024 సెప్టెంబరు 28న మళ్లీ వదిలారు. ఆ మధ్యలో పుట్టిన తగాదాలు అప్పీళ్ల దాకా వెళ్తే ఏళ్లు పడతాయి. రేపు ధరలు పెరిగితే మళ్లీ ఆపరన్న హామీ కూడా లేదు.

ఈ కేసుల్లో అసలు చిక్కంతా తేదీల దగ్గరే. నిషేధం ఉన్నట్టుండి వస్తుంది, సరుకేమో అప్పటికే దారిలో ఉంటుంది. అందుకే మినహాయింపులు పెడతారు. 2023లో, నోటిఫికేషన్‌కు ముందే లోడింగ్ మొదలైన సరుకును వదిలారు. మీ యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకు దూరంగా ఆగుతుంది, సరుకు బార్జీల (చదునైన సరుకు పడవల) మీద దాని దగ్గరికి వెళ్తుంది కదా, నోటిఫికేషన్ వచ్చే వేళకు బస్తాలు బార్జీలోనే ఉంటే లోడింగ్ మొదలైనట్టా, కానట్టా? లాయర్‌కు పని దొరికేది అక్కడే. 2022 మే 13న గోధుమలు ఆపినప్పుడు, ఆ తేదీ లోపు ఇచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌లకు (కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రాలకు) మినహాయింపు ఇచ్చారు. కొందరు పాత తేదీలు వేసి పత్రాలు తెచ్చారు. దాంతో ఎగుమతి, దిగుమతుల లైసెన్సులు చూసే కేంద్ర విభాగం డీజీఎఫ్‌టీ ఒక్కో పత్రాన్నీ నేరుగా తనిఖీ చేయించాల్సి వచ్చింది.

సాక్ష్యం ఇంకో తలనొప్పి. 2024 నవంబరులో మీ ఊళ్లోనే, రేషన్ బియ్యం ఎగుమతి చేస్తున్నారంటూ ఆపిన స్టెల్లా ఎల్ ఓడ గొడవ చూశారుగా. రేషన్ బియ్యమని అనడం తేలిక, రుజువు చేయడం కష్టం. రేషన్ బియ్యంలో కలిపే పోషకాల గింజలు అందులో ఉన్నాయేమో పరీక్షించాలి, ఆ బస్తాలు ఎవరివో తేల్చాలి. ఒకే ఓడలో పలువురి సరుకు ఉన్నప్పుడు మొత్తం ఓడను ఆపితే మిగతావాళ్ల సంగతేమిటన్న ప్రశ్నా వస్తుంది.

అమ్మాయిని రాజ్‌గ్రో ఇంపెక్స్ కేసులో 2021 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదవమనండి. అది బఠాణీల దిగుమతి కేసే అయినా, చట్టం ఇదే. హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులు చూపించి కోటాకు మించి తెచ్చిన సరుకును పూర్తిగా జప్తు చేయాల్సిందేనంది కోర్టు. స్టే ఉంటే చాలనుకునే క్లయింట్లకు ఏం చెప్పాలో అందులో తెలుస్తుంది.

ఈ వేసవిలో పెద్ద లా ఫర్మ్ కోసం పరుగెత్తే బదులు, మీ ఊళ్లోనే ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో కూర్చోమనండి. షిప్పింగ్ బిల్లు (ఎగుమతి కోసం కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) ఎలా పడుతుందో చేత్తో చేసి చూడాలి. తర్వాత హైదరాబాద్‌లో కస్టమ్స్ ట్రిబ్యునల్‌లో వాదించే సీనియర్ దగ్గర చేరాలి. బియ్యం ఒక్కటే నమ్ముకోకుండా జీఎస్టీ కూడా నేర్చుకోవాలి. మొదట్లో డబ్బు తక్కువే. మీ తోటి మిల్లర్లు కేసులు తెస్తారు కానీ, ఫీజు మాట మాత్రం ఎత్తరు!

ఇక జడ్జి పరీక్ష. మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆ మూడేళ్లూ ఈ పనే చేయనివ్వండి.