ఏఎంసీ ఉంటే చాలదా, నెలవారీ ఐటీ సపోర్ట్ కూడా కావాలా? మా ట్రస్టులో జరిగింది చెబుతాను

మీరు రాసినదాన్ని బట్టి మీది ఒక వృద్ధాశ్రమం, దాన్ని ఆనుకుని చిన్న క్లినిక్. మొత్తం 14 కంప్యూటర్లు, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ నడిచే ఒక సర్వర్, ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) మీద ఫోన్ చేస్తే వచ్చే అబ్బాయి. ఇప్పుడొక కంపెనీ వచ్చి, నెలనెలా ఇంత కట్టండి, అన్నీ మేమే చూసుకుంటాం అంటోంది. దాతల డబ్బుతో ఇంత ఖర్చు అవసరమా అని అడిగారు.

నేను గుంటూరు జిల్లాలో ఒక ట్రస్టుకు పదకొండేళ్లుగా ఆఫీసు పని, లెక్కలు చూస్తున్నాను. మావి 9 కంప్యూటర్లు. అవసరమేనండీ. కాకపోతే ఏ షరతుల మీద ఇస్తున్నారన్నది అంతకంటే ముఖ్యం. ఎందుకంటున్నానో తెలియాలంటే 2021 ఫిబ్రవరిలో ఒక సోమవారం మా ఆఫీసులో ఏమైందో చెప్పాలి.

పొద్దున తొమ్మిదిన్నరకు మా అకౌంటెంట్ అమ్మాయి ట్యాలీ తెరిచింది. ట్రస్టు పేరే కనబడలేదు. డేటా ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఎప్పుడూ చూడని అక్షరాలు తగిలించి ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద ఒక నోట్‌ప్యాడ్ ఫైలు: మీ ఫైళ్లకు తాళం వేశాం, ఈ మెయిల్‌కు రాయండి, బిట్‌కాయిన్‌లో కట్టండి అని ఇంగ్లీషులో. "సార్, బ్యాకప్ ఉందిగా" అంటూ ఆ అమ్మాయి సీపీయూ వెనకాల వేలాడుతున్న హార్డ్ డిస్క్ చూపించింది. ఏడాది పొడుగునా అది అక్కడే, అదే యూఎస్‌బీకి పెట్టి ఉండేది. తెరిచాం. అందులోనూ అవే అక్షరాలు. ఆ అమ్మాయి కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది, కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఈ దాడి చేసినవాళ్లు లోపలికి ఎలా వచ్చారంటే, లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ట్యాలీ వాడుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టించుకున్నాం. ఏఎంసీ అబ్బాయి రూటర్‌లో దానికి కావాల్సిన 3389 పోర్టు, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారి, తెరిచి ఇచ్చాడు. పాస్‌వర్డ్ ఏమో ట్రస్టు పేరు, చివర 123. లాక్‌డౌన్ అయిపోయాక ఆ పోర్టు మూయించాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. ఇలా తెరిచి ఉన్న పోర్టుల కోసం రాత్రీ పగలూ వెతికే ప్రోగ్రాములు ఉంటాయి, దొరికిన చోటల్లా పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తుంటాయి. అవతల ఉన్నది బ్యాంకా, అనాథాశ్రమమా అని చూడవు. శనివారం రాత్రి పదకొండు దాటాక మా సర్వర్‌లోకి వచ్చారు. ఆదివారం సెలవు కాబట్టి వాళ్లకు ఒక రోజంతా దొరికింది. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. పెట్టమన్నది మేము, పెట్టాడు. ఆ తర్వాత దాన్ని కనిపెట్టి ఉండడం ఎవరి పనీ కాకుండా పోయింది.

నో మోర్ రాన్సమ్ అని యూరోపోల్, డచ్ పోలీసులు, మరికొందరు కలిసి 2016లో మొదలుపెట్టిన వెబ్‌సైటు ఉంది. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రాములను రాన్సమ్‌వేర్ అంటారు, వాటిలో కొన్ని రకాలకు అక్కడ తాళం చెవులు ఉచితంగా ఇస్తారు. ఎవరికైనా ఇలాంటి ఆపద వస్తే ముందు అక్కడ చూడండి. మాదానికి దొరకలేదు. మమ్మల్ని ఆదుకున్నది ఆడిట్ కోసం డిసెంబరు మొదట్లో ఆడిటర్ గారు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన ట్యాలీ బ్యాకప్. ఆ తర్వాతి రెండున్నర నెలల వోచర్లు, రశీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు గోనెసంచిలోంచి తీసి, ఇద్దరు అమ్మాయిలు 17 రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించారు. ఎక్సెల్‌లో ఉన్న దాతల చిరునామాలు, ఫోన్ నంబర్లు మాత్రం పోయాయి.

అప్పుడు పోయింది చిరునామాలు. ఇప్పుడైతే దాతలకు విరాళం మీద పన్ను మినహాయింపు రావాలంటే ఏటా వాళ్ల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వాలి కాబట్టి దాతల పాన్, ఆధార్ నంబర్లు కూడా మన దగ్గరే ఉంటున్నాయి. మీ క్లినిక్‌లో రోగుల వివరాలు సరేసరి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని ఉంది. మనలాంటి వాళ్లకు అంత వేస్తారని భయపెట్టడం లేదు. నమ్మి పాన్ కార్డు జిరాక్స్ చేతిలో పెట్టిన దాతకు, ఆ నంబరు ఎక్కడికి పోయిందో చెప్పలేని రోజు రాకూడదు. నాకున్న దిగులు అదీ.

ఇక మీ ప్రశ్న. ఏఎంసీ అంటే పాడయ్యాక బాగు చేయడం. ఆ పనికి మంచి అబ్బాయి దొరికి ఉంటే వదులుకోకండి, మేమూ వదులుకోలేదు. నెలవారీ సపోర్ట్ వాళ్లు ప్రతి కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రాం వేస్తారు. అప్‌డేట్లు పడుతున్నాయా, యాంటీవైరస్ నడుస్తోందా, రాత్రి బ్యాకప్ అయిందా అని వాళ్ల ఆఫీసు నుంచే చూస్తుంటారు. అప్‌డేట్‌ను చిన్న విషయం అనుకోకండి. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన విండోస్ రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. మీ 14లో విండోస్ 10 ఎన్నిటిలో ఉందో కూడా చూడండి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది. క్రాక్ చేసిన విండోస్ ఉంటే మాత్రం, ఏ కంపెనీని పిలిచినా పిలవకపోయినా, ముందు అది తీయించండి.

సంతకం చేసే ముందు వాళ్లతో ఒక పని చేయించండి. మేం రెండు కంపెనీల వాళ్లను పిలిచి, చెరో వారం బ్యాకప్ పెట్టనిచ్చి, ఇద్దరినీ ఒకటే అడిగాం: 2020 జూలైలో బియ్యం కొన్న వోచర్‌ను బ్యాకప్‌లోంచి తీసి చూపించండి, మా సర్వర్ ముట్టుకోకుండా, వేరే ల్యాప్‌టాప్‌లో. మొదటివాళ్లు తెర మీద ఆకుపచ్చ టిక్కు చూపించి "క్లౌడ్‌లో సేఫ్‌గా ఉంది సార్" అన్నారు. రెండు రోజులైనా ఆ వోచర్ రాలేదు. రెండోవాళ్లు నలభై నిమిషాల్లో తెచ్చారు. బస్తాల సంఖ్య, రేటు, లారీ కిరాయి, అన్నీ ఉన్నాయి. ఒప్పందం వాళ్లతోనే చేసుకున్నాం. ఇప్పటికీ మూడు నెలలకోసారి నేను పక్కన కూర్చుని ఏదో ఒక పాత వోచర్ అడుగుతాను, వాళ్లు తీస్తారు. బ్యాకప్‌లో ఒక కాపీ ఎప్పుడూ ఆఫీసు బయటే ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా నెల దాకా దాన్ని చెరపలేకుండా పెట్టించాం.

తాళాలు మీ దగ్గరే ఉండాలి. మా డొమైన్‌ను, అంటే వెబ్‌సైటు చిరునామాను, ఆ సైటు చేసిన కుర్రాడు తన పేరు మీద, తన మెయిల్‌తో కొన్నాడు. తర్వాత అతను ఊరు మారాడు, ఫోన్ నంబరూ మార్చాడు. దాన్ని ట్రస్టు పేరుకు తెచ్చుకోవడానికి నాలుగు నెలలు తిరిగాం. డొమైన్, మెయిల్ అడ్మిన్, రూటర్, బ్యాకప్ ఖాతా, అన్నీ ట్రస్టు మెయిల్ మీదే ఉండాలి. మేం ఆ పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి, కవరుకు లక్క వేసి, కార్యదర్శి గారి బీరువాలో పెట్టాం.

సపోర్ట్ కంపెనీ మన ఇంటి తాళం చెవి ఉన్న మనిషి లాంటిది, వాళ్లను కూడా నాలుగు ప్రశ్నలు అడగాలి. 2021 జూలైలో కసేయా అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ద్వారా దాడి జరిగింది. ఇలాంటి సపోర్ట్ సంస్థలు వాడే సాఫ్ట్‌వేరే అది. దాంతో వాళ్ల ఖాతాదారులు 1,500 మంది దాకా చిక్కుకున్నారు, చాలామంది చిన్న వ్యాపారులే. మీ వాళ్లలో ఎంతమంది మా కంప్యూటర్లలోకి రాగలరు, ఒకరు ఉద్యోగం మానేస్తే ఎన్ని గంటల్లో ఆ దారి మూస్తారు, మీ లాగిన్‌కు రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ లాంటి రెండో రుజువు) ఉందా అని అడగండి. చిరాకు పడేవాళ్లయితే వదిలేయండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లో వాళ్లకు తెలపాలి, కంప్యూటర్లలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఆ పని ఎవరిదో ఒప్పందంలో రాయించండి.

సపోర్ట్ కంపెనీ వాళ్లు ఆపలేనిది ఒకటుంది. పోయిన ఏడాది మా మందుల సప్లయర్ పేరుతో మెయిల్ వచ్చింది: బ్యాంకు ఖాతా మారింది, 1,86,000 రూపాయల బిల్లు కొత్త ఖాతాలో వేయండి అని. లెటర్‌హెడ్, సంతకం అచ్చం వాళ్లవే. మా అకౌంటెంట్ అమ్మాయి మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా పాత బిల్లు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. "మేమేం మార్చలేదమ్మా" అన్నారు. 2021లో కుర్చీలో మాట లేకుండా కూర్చున్న అమ్మాయే ఈమె. ఖాతా మారిందని ఎవరన్నా, పాత నంబరుకు ఫోన్ చేయకుండా డబ్బు కదలదు అన్న నియమం మీరూ పెట్టుకోండి. పొరపాటున పంపేస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది, ఆపడం కష్టమవుతుంది.

డబ్బు సంగతి. మేం ఒక్కో కంప్యూటర్‌కు నెలకు 700 ఇస్తున్నాం, సర్వర్ బ్యాకప్‌కు విడిగా 2,500, పైన 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు కాబట్టి అది మాకు తిరిగి రాదు, లెక్క వేసుకునేటప్పుడు కలుపుకోండి. అయితే మీ కొటేషన్‌లో మెయిల్ కోసం మనిషికింత అని ఉంటే అక్కడ ఆగండి. గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండూ అర్హత ఉన్న స్వచ్ఛంద సంస్థలకు మెయిల్, డ్రైవ్ ఉచితంగా ఇస్తాయి. రిజిస్ట్రేషన్ కాగితాలతో మనమే దరఖాస్తు చేసుకోవచ్చు. రెండంచెల ధృవీకరణకు కూడా రూపాయి ఖర్చు లేదు, ఈ రోజే పెట్టుకోవచ్చు.

ఒప్పందం ముసాయిదా చేతికి వచ్చాక, పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి. మాకు ఏ క్లాజుల దగ్గర ఇబ్బంది వచ్చిందో చూసి చెబుతాను. ఈలోగా ఒక పని: మీ సర్వర్ వెనకాల హార్డ్ డిస్క్ పెట్టి ఉంటే, రాత్రి బ్యాకప్ అయ్యాక పీకి బీరువాలో పెట్టమని చెప్పండి.